అంపోఫో కారుకు పట్టిన నలుపు

శనివారం పొద్దున అంపోఫో వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు అద్దాలకున్న పాత నల్ల ఫిల్మ్ ఊడదీయాలి, స్నానం చేయాలి, మధ్యాహ్నం పన్నెండింటికి కెజెతియా బస్టాండుకు వెళ్లి అత్తగారిని ఇంటికి తీసుకురావాలి. కుమాసి పట్టణంలో ఏళ్ల తరబడి హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్న మనిషికి ఈ మూడింటిలో మధ్యది ఒక్కటే కాస్త అనుమానంగా తోచింది. ఆ పేటలో కుళాయి ఎప్పుడొస్తుందో ఏ శాస్త్రమూ చెప్పలేదు.

కారు పాత ఓపెల్. అతని దగ్గరికి రాకముందు ఎన్ని చేతులు మారిందో దానికే గుర్తులేదు. అద్దాలకు ఫిల్మ్ అంటించిన మహానుభావుడెవరో గానీ, ఒకప్పటి ఆ నలుపు ఎండకు మాడి వంకాయ రంగుకు తిరిగింది. అమ్మవారు పోసినట్టు అద్దాల నిండా బుడగలు లేచాయి. సోమవారం బండి తనిఖీ ఉంది. చీకటి అద్దాలతో వస్తే గేటు దగ్గరే వెనక్కి పంపుతామని అక్కడి అధికారి ముందే చెప్పాడు.

"సువామె షెడ్లలో ఏ మెకానిక్కుకి ఇచ్చినా నిమిషాల్లో పీకి పారేస్తాడు. మీకెందుకీ యాతన?" అంది భార్య అచియా, అద్దం ముందు నిలబడి తలకు నల్లగుడ్డ చుట్టుకుంటూ.

"పీకడానికి కూడా మనిషిని పెట్టుకోవాలా? అంటించాలంటే పనివాడు కావాలి. ఊడదీయడానికి బుర్ర ఉంటే చాలు."

"మొన్న ఇస్త్రీపెట్టె బాగుచేసింది కూడా ఆ బుర్రేగా."

"అది బాగానే వేడెక్కుతోంది కదా!"

"వేడెక్కుతోంది. స్విచ్చి తీసేసినా వేడెక్కుతోంది."

ఆమె పనిచేసే బట్టల దుకాణం యజమాని తండ్రికి ఆ రోజు తాఫోలో కర్మకాండ. అందుకే చీకటితోనే నల్లబట్ట కట్టుకుంది. శనివారం అంటే కుమాసిలో కర్మకాండల రోజు. నల్లబట్టల మనిషి ఎదురైతే ఎవరు పోయారని ఎవరూ అడగరు, ఎవరింటికి వెళ్తున్నారని మాత్రమే అడుగుతారు. వెళ్తూ వెళ్తూ అచియా గుమ్మంలో ఆగింది. "అమ్మను ఎండలో నిలబెట్టకండి. ఫోను దగ్గరుంచుకోండి. అసలే మీరంటే ఆవిడకి…" అని మిగతాది మింగేసింది.

మిగతాది అంపోఫోకు తెలుసు. అత్తగారు ఎనో తివా బెక్వాయిలో పేరున్న మనిషి. కూతురిని కోకో కొనుగోలు అధికారికి ఇవ్వాలని ఆవిడ కలగంటే, మధ్యలో సుద్దముక్క పట్టుకుని ఇతను దూరాడు. అప్పటినుంచీ ఆవిడ అల్లుణ్ణి పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "మా అమ్మాయి ఇంట్లో ఉంటాడే, ఆ మాస్టారు" అంటుంది. మూడు రోజుల కోసం వస్తోంది. మూడు రోజులూ మచ్చ లేకుండా గడిపేయాలని అంపోఫో ఒట్టు పెట్టుకున్నాడు.

పని మొదట్లో ముచ్చటగా సాగింది. పాడైనా ఫరవాలేదని పాత నల్లచొక్కా తొడుక్కున్నాడు. వీధిలో గోడవారగా నిలిపిన కారుదాకా గేటులోంచి వైరు లాగి, భార్య జుట్టు ఆరబెట్టుకునే మిషను పెట్టాడు. వేడి తగలగానే ముందరి తలుపుల అద్దాల మీది ఫిల్మ్ అరటితొక్కలా ఊడివచ్చింది. బంకను సబ్బునీళ్లతో కడిగి, బ్లేడుతో గీకితే అద్దం అచ్చు గాలిలా తేటబడింది. "దీనికి సువామె దాకా పోవాలట!" అని అద్దంలో కనపడుతున్న తన మొహంతోనే అన్నాడు. ఆ మాట పూర్తయ్యేసరికి కరెంటు పోయింది.

అసలు రాచపుండు వెనకద్దం ఇంకా అలాగే ఉంది. తోటి ఉపాధ్యాయుడు దార్కో రసాయనశాస్త్రం చెబుతాడు కదా అని అతనికి ఫోన్ చేశాడు.

"కరెంటెందుకోయ్, ఎండ ఉందిగా," అన్నాడు దార్కో. "లోపలివైపు అమ్మోనియా చల్లు. బయట నల్ల ప్లాస్టిక్ సంచీ కప్పు. ఎండకి కాగి ఫిల్మ్ దానంతటదే కళ్లు తేలేస్తుంది. మూతికి మాత్రం గుడ్డ కట్టుకో. కార్లో ఒకవైపు తలుపు తీసి ఉంచు."

బ్యాటరీ అడుగంటిన ఫోనును అంపోఫో ఇంట్లో బల్లమీద పెట్టాడు, కరెంటు రాగానే చార్జింగు పెట్టవచ్చని. అచియా బట్టల మూటలోంచి చేతికందిన గుడ్డముక్క తీసి మూతికి కట్టుకున్నాడు. అది ఎర్రగుడ్డ. చెత్తకోసం కొన్న పెద్ద నల్లసంచులు చీల్చి వెనకద్దానికి కప్పబోతే అవి కారు నడుముదాకా జారాయి. నలుపు వేడిని పీల్చుకుంటుందని పిల్లలకు ఏటా చెప్పే పాఠం గుర్తొచ్చి, అయితే అంతా కప్పితే ఇంకా మంచిదేగా అని చుట్టూ కప్పి టేపు వేశాడు. వెనకసీటు వాల్చి, గోడవైపు తలుపు తీసుకుని, అమ్మోనియా సీసాతో లోపలికి దూరాడు.

కాసేపటికే దగ్గుతూ బయటపడ్డాడు. కళ్లు చింతనిప్పులయ్యాయి. కన్నీళ్లు చెంపలమీదుగా కారి గడ్డం దగ్గర బొట్లుబొట్లుగా రాలుతున్నాయి. గాలి పీల్చుకోవడానికి మూతిగుడ్డను పైకి తోస్తే అది నుదుటికి చేరి అక్కడే నిలిచిపోయింది.

పక్కింటి దర్జీ అఫ్రియే సరిగ్గా అప్పుడే తన దుకాణం తలుపు తీసింది. ఆమెకు కనిపించింది ఇదీ: నిలువెల్లా నలుపు కప్పిన కారు. దాని పక్కన నల్లచొక్కా వేసుకుని, దగ్గర బంధువు పోయినవాళ్లు కట్టుకునే ఎర్రపట్టీ నుదుట కట్టుకుని, ధారగా ఏడుస్తున్న అంపోఫో మాస్టారు.

"అయ్యో మాస్టారూ! ఏమిటిది?"

"ఏం చెప్పమంటావు అఫ్రియే. పొద్దున్నుంచీ ఇదే గతి," అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ.

చావుమాటను ఆ ఊళ్లో ఎవరూ మొహాన అడగరు. అడిగితే మర్యాద కాదు. చుట్టూ తిరిగి రావాలి. అఫ్రియే మంచి మర్యాద తెలిసిన మనిషి. గొంతు తగ్గించి, "అచియా వాళ్ల అమ్మగారు ఇవాళ వస్తారన్నారు…" అని మాటను గాల్లో వదిలేసింది.

అత్తగారి పేరు వినగానే అంపోఫో సూర్యుడివైపు చూశాడు. "అవును. పన్నెండింటికల్లా వెళ్లి తేవాలి. ఆవిణ్ణి ఎండలో ఎక్కువసేపు ఉంచొద్దని అచియా మరీ మరీ చెప్పింది."

అఫ్రియే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మరి అచియా?"

"తెల్లారకముందే నల్లబట్ట కట్టుకుని వెళ్లిపోయింది."

"తేవడం… ఇందులోనేనా?" ఆమె కళ్లు వాల్చి ఉన్న వెనకసీటు మీద పడ్డాయి.

"ఇంకెందులో? కిరాయి బండి పెడితే రేపు నలుగురిలో మాట రాదూ?"

"ఇంత ఇరుకులో పాపం…"

"ఆవిడదేముంది, చిన్న మనిషి. ఇమిడిపోతుంది." అంపోఫో కళ్లు తుడుచుకున్నాడు. అమ్మోనియా చేతులతో తుడుచుకోవడం వల్ల కొత్తగా మరో ధార మొదలైంది. "నలుగురు చెయ్యి వేస్తే ఎప్పుడో అయిపోయేది. ఒక్కణ్ణే పడుతున్నా."

"ఒక్కరే ఎందుకు పడతారు మాస్టారూ! మేమంతా చచ్చామా!" అని, నోరు జారినందుకు నాలుక కరుచుకుని, అఫ్రియే పరుగు తీసింది. ఆడమనిషి, బంక గీకడానికి ఎవరినైనా పిలుచుకొస్తుంది కాబోలనుకుని, ఎంత మంచిదో అని మెచ్చుకుంటూ అంపోఫో మళ్లీ కారులోకి దూరాడు.

లోపల ఉన్నవాడికి గోడ తప్ప ఏమీ కనపడదు. మిగతా మూడు దిక్కులా తన చేతులతో తనే నలుపు కట్టుకున్నాడు. ఆ నలుపు అవతల వీధి తన పని తాను చేసుకుపోయింది.

అఫ్రియే నేరుగా చర్చి సంఘపెద్ద కొడువా ఇంటికి వెళ్లింది. ఆయన ఎక్కడో కర్మకాండకు వెళ్లడానికి నల్లబట్టలో సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. విషయం విని కాసేపు కళ్లు మూసుకుని, దూరం పోయే బదులు దగ్గరిదే చూసుకుందామని నిశ్చయించుకున్నాడు. వెనకవీధిలో ముందురోజు జరిగిన తంతు తాలూకు కుర్చీలు, గుడారాలు లారీకి ఎక్కుతున్నాయి. కొడువా చెయ్యెత్తి ఆ లారీని ఈ వీధికి తిప్పించాడు. చర్చి మహిళా సంఘానికి ఫోనులో సందేశం వెళ్లింది. అఫ్రియే దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ ఊరి రేడియోలో మరణవార్తలు చదువుతుంది. ఆవిడ పాటల మధ్యలో గొంతు బొంగురు చేసుకుని ఒకసారి చదివేసింది.

కబురు నడిచేకొద్దీ బలిసింది. ఎనో తివా స్నానాల గదిలో జారిందన్నారు. కాదు, బస్సులోనే ఒరిగిందన్నారు. కూతురు తట్టుకోలేక ఎటో వెళ్లిపోయిందన్నారు. చివరి ఊపిరిదాకా ఆవిడ అల్లుడి పేరే కలవరించిందని కూడా ఎవరో చేర్చారు. ఆ పేరు ఆవిడ నోట ఎవరూ వినలేదన్న సంగతి ఆ సమయంలో ఎవరికీ తట్టలేదు.

కారులో అంపోఫోకు మేకులు దిగుతున్న చప్పుడు, కుర్చీలు లాగుతున్న చప్పుడు, ఎక్కడో డప్పు వినిపించాయి. శనివారం పూట కుమాసిలో డప్పు వినపడకపోతేనే ఆశ్చర్యపడాలి. వెనకద్దం మీద ఫిల్మ్ తపాలా బిళ్లంత ముక్కలుగా ఊడుతోంది. ఒక బిళ్ల ఊడితే రెండు బిళ్లలు వెక్కిరిస్తున్నాయి. బ్లేడు విరిగింది. గోళ్లు విరిగాయి. "నువ్వో నేనో ఇవాళ తేలిపోవాలి," అని అద్దంతో పంతం పట్టి, ఇక ఊపిరాడక, వీపు గోడకు రాసుకుంటూ పాక్కుని బయటకు వచ్చాడు.

కారు చుట్టూ తిరిగి వీధివైపు రాగానే నిలబడిపోయాడు. ఇంటిముందు గుడారం. గుడారం కింద వరసలు వరసలుగా కుర్చీలు. కుర్చీల నిండా నల్లబట్టలు. అతన్ని చూడగానే అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ముందు వరసలోని ఆడవాళ్లు ఆ వాచిన కళ్లు చూసి ఘొల్లుమన్నారు.

పక్కింట్లో ఎవరో పోయి ఉంటారు, చోటు చాలక మన వాకిలి వాడుకుంటున్నారు అనుకున్నాడు అంపోఫో. అలాంటప్పుడు కాదనడం మనిషి లక్షణం కాదు. వరసగా వచ్చి చేతులు కలుపుతున్న వాళ్లందరికీ బంక చేతులే అందించాడు. కొందరి చేతులు వెంటనే ఊడి రాలేదు. ఎంత ఆప్యాయంగా పట్టుకున్నాడో అని వాళ్లు ఇంకాస్త ఏడ్చారు.

కొడువా అతన్ని మధ్యలో కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, ఆనవాయితీ ప్రకారం గొంతు సవరించుకున్నాడు. "నాయనా, మేం వచ్చాం. ఎందుకొచ్చామో నీకు తెలుసు. అయినా ఇంటి యజమాని నోటితో చెప్పాలి, మేం చెవులతో వినాలి. జరిగింది చెప్పు."

అంపోఫో చుట్టూ చూశాడు. ఇంతమందీ తనవైపే చూస్తున్నారు. అప్పుడతనికి వెలిగింది, లేదా వెలిగిందనుకున్నాడు. కారు వీధికి అడ్డుగా ఉంది. అమ్మోనియా కంపు పేటంతా కొట్టి ఉంటుంది. పాపం ఎవరిదో తంతు జరుగుతుంటే తను చెడగొట్టాడు. సంఘపెద్దతో చెప్పించి మర్యాదగా నిలదీస్తున్నారు. అబద్ధమాడటం తెలియని మనిషి కనుక తల వంచుకున్నాడు.

"తప్పు నాదే పెద్దాయనా. నా చేతులతో నేనే చేశాను."

డప్పు ఆగిపోయింది.

"డబ్బు కలిసొస్తుందని కక్కుర్తి పడ్డాను. సువామెలో ఎవరికైనా అప్పజెబితే నిమిషాల్లో పని ముగించేవాళ్లు. అచియా చెబుతూనే ఉంది, నేనే వినలేదు."

"అచియా… చెప్పిందా?" కొడువా కుర్చీ కాస్త వెనక్కి జరిగింది.

"ముందు వేడి పెట్టాను. తర్వాత కరెంటు పోయింది. దార్కో చెప్పాడు, అమ్మోనియా కొట్టి నల్లసంచీ కప్పి ఎండలో వదిలేస్తే దానంతటదే పోతుందని. ఎక్కడ పోతుంది! మొండిఘటం. ముందువైపు తేలిగ్గానే పోయింది గానీ వెనకవైపు ఇంకా కొంచెం మిగిలే ఉంది."

"మిగిలి… ఉందా?" అంది అఫ్రియే.

"ఉంది. కొత్త బ్లేడు తెచ్చి గీకితే అదీ వచ్చేస్తుంది. పన్నెండులోపల అవగొట్టేస్తాను, మీరేం కంగారు పడకండి."

ముందు వరస మెల్లగా రెండో వరసలోకి జరిగింది. ఎవరో పోలీసు అన్నారు. ఇంకెవరో ముందు గేటు వేయండి అన్నారు. కొడువా మాత్రం పెద్దరికం విడవకుండా, కానీ లేచి నిలబడి, కుర్చీని తనకూ అంపోఫోకూ మధ్య పెట్టుకుని, "ఎక్కడుంది ఆ… మిగిలింది?" అని అడిగాడు.

"కారులో," అన్నాడు అంపోఫో అమాయకంగా.

అదే సమయానికి వీధి చివర ఒక అద్దె టాక్సీ ఆగింది. అందులోంచి ఎనో తివా దిగింది. ఒక చేతిలో అరటికాయల గెల, చంకలో కోడిపెట్ట. పన్నెండెప్పుడో దాటిపోయింది. బస్టాండులో నిలబడి నిలబడి ఆవిడ కాళ్లు పీకాయి. అల్లుడి ఫోను పలకలేదు, కూతురి లైను దొరకలేదు. దారి పొడవునా ఆ మాస్టారిని ఏ మాటతో మొదలుపెట్టి ఏ మాటతో ముగించాలా అని కూర్చుకుంటూ వచ్చింది. మలుపు తిరగ్గానే కూతురి ఇంటిముందు గుడారం, నల్లబట్టల జనం, శవం బండిలా నలుపు కప్పిన అల్లుడి కారు కనిపించాయి.

అల్లుడి ఫోను ఎందుకు పలకలేదో ఆవిడకు అర్థమైపోయింది. గెల కిందపడింది. కోడి ఎగిరిపోయింది. ఎనో తివా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, వీధి దద్దరిల్లేలా అందుకుంది.

"అయ్యో అంపోఫో! నా అయ్యా! నా బంగారు కొండా! నన్ను తీసుకురావడానికి వస్తానని చెప్పి నువ్వెటు పోయావురా నాయనా! ఒక్కరోజు నోరారా పిలవకపోతినే! నీలాంటి అల్లుడు బెక్వాయిలో ఎవరికున్నాడురా!"

జనం గొంతు గుర్తుపట్టి వెనక్కి తిరిగారు. ఎవరికోసం ఏడవడానికి వచ్చారో ఆ మనిషి ఏడుస్తూ వస్తోంది. మహిళా సంఘం మొత్తం ఒకే గొంతుతో కేకపెట్టి రెండుగా చీలింది. అఫ్రియే కుర్చీల వరసకింద దూరింది. కొడువా ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో మాటలు మరిచిపోయి, మళ్లీ మొదలుపెట్టాడు. చీలిన దారిగుండా ఎనో తివా గుడారం మధ్యకు వచ్చి, కుర్చీలో కూర్చున్న అల్లుణ్ణి చూసింది. ఏడుపు సగం మాటలో తెగింది.

"నువ్వు పోలేదూ?"

"నేనా? లేదత్తయ్యా. మీరెందుకు టాక్సీలో వచ్చారు, నేనే బయలుదేరుతున్నాగా," అన్నాడు అంపోఫో.

"మరి పోయిందెవరు?"

అందరి కళ్లూ తనమీదే ఉన్నాయని గ్రహించిన ఎనో తివాకు జవాబు తనంతట తనకే తెలిసింది. ఆవిడ ఖాళీ కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది.

ఆ తరువాత నిజం బయటపడటానికి చాలాసేపు పట్టింది. ఎందుకంటే అందరూ ఒకేసారి చెప్పారు. నల్లబట్ట అన్నారు, ఎర్రపట్టీ అన్నారు, నలుగురు కావాలన్నాడన్నారు, చిన్న మనిషి ఇమిడిపోతుందన్నాడన్నారు. అంపోఫో కారు తలుపు తీసి, వెనకద్దం మీద మిగిలిన ఫిల్మ్ చూపించి, ఊడిన బిళ్లలు దోసిట్లో పోసి తెచ్చి సాక్ష్యం చూపించాడు. నమ్మక తప్పలేదు. నమ్మాక అందరికీ కోపం వచ్చింది. ఏడ్చిన ఏడుపు వృథా అయిందంటే ఎవరికి మాత్రం రాదు?

కొడువా మళ్లీ పెద్దరికంలోకి వచ్చాడు. "బతికున్న మనిషికి గుడారం వేయడం మామూలు తప్పు కాదు. పూర్వాచారం ఉంది. తప్పు చేసినవాడు గొర్రెను తెచ్చి పెద్దావిడ ముందు నిలబెట్టాలి, క్షమాపణ చెప్పుకోవాలి. ఆవిడ ఆ గొర్రెను తీసుకుని తన ఊరు వెళ్లిపోతుంది. దాంతో దోషం చెల్లు."

"గుడారం వేయించింది మీరు కదండీ!" అన్నాడు అంపోఫో.

"వేయించింది నేను. వేయాల్సిన పరిస్థితి తెచ్చింది నువ్వు."

అందరూ సబబేనన్నారు. నెలాఖరు రోజుల్లో గొర్రె అంటే మాటలా! అప్పుడు ఎనో తివా చెయ్యెత్తింది.

"ఆగండి. నా చావుకు వచ్చారుగా మీరంతా. ఎవరెవరు ఏడ్చారో చూడనీయండి."

లేచి వరసలవెంట నడిచింది. ఒక్కొక్క మొహం దగ్గరా ఆగి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు వంగి చూసింది. మహిళా సంఘంవారి కళ్లు పొడిపొడిగా ఉన్నాయి. కొడువా కళ్లు ఎప్పుడూ తడిసిన జాడే లేదు. అఫ్రియే కళ్లకు కాటుక కూడా చెదరలేదు. చివరికి అల్లుడి దగ్గరికి వచ్చి ఆగింది. ఆ కళ్లు రెండూ పండిన తాటికాయల్లా ఉబ్బి ఉన్నాయి. చెంపలమీద చారలు ఇంకా ఆరలేదు.

"అది అమ్మోనియా అత్తయ్యా," అన్నాడు అంపోఫో నిజాయితీగా.

"మగవాళ్లంతా ఏదో ఒకటి చెబుతారు," అంది ఆవిడ. కొంగుతో అతని మొహం తుడిచింది. "మా ఆయన పోయినప్పుడు నేనే ఇంతగా ఏడవలేదు. గొర్రె లేదు, గిర్రె లేదు. నా అల్లుణ్ణి ఇంకెవరూ ఏమీ అనకండి."

కుర్చీలు ఎలాగూ వేశారు, వంట ఎలాగూ మొదలైంది. అందుకని అది ఎనో తివా ఆయుష్షు కోసం చేసే ప్రార్థన కూటమి అయిపోయింది. అయితే రేడియోలో వెళ్లిన మాట సంగతి మిగిలింది. ఈపాటికి బెక్వాయిలో కూడా ఏడుస్తూ ఉంటారు. "చెవులతో విన్నది కళ్లతో చూస్తేనే పోతుంది. పెద్దావిణ్ణి ఊరంతా తిప్పాలి," అని కొడువా తేల్చాడు. కారుకు కప్పిన నలుపు చించేశారు. ముందరి అద్దాలు గాలిలా తేటగా ఉన్నాయి, లోపల చీమ కూర్చున్నా కనబడేటట్టు. వెనకద్దం మాత్రం ఈకలు రాలుతున్న కోడిలా ఉంది. ఎనో తివా ముందుసీట్లో కూర్చుంది.

అంపోఫో నత్తనడకన నడిపాడు. బంటామా వీధిలో ఎనో తివా రాజమాతలా చెయ్యి ఊపింది. ఒక యాము దుంపల వ్యాపారి రేడియో వినే ఉన్నట్టుంది, ఆవిణ్ణి చూసి చేతిలో దుంప వదిలేసి దుకాణం వెనక్కి పారిపోయాడు. ఆవిడకు ఆ సంగతి ఎంత నచ్చిందంటే, "ఇంకోసారి అటే పోనీ నాయనా," అంది. తాఫో కూడలి దగ్గర ఎదురుగా ఒక టాక్సీ వచ్చింది. అందులో జుట్టు విరబోసుకుని, ఇద్దరు తోటి ఉద్యోగినులు చెరోవైపు పట్టుకోగా, గుండెలు బాదుకుంటున్న అచియా ఉంది. కబురు అందినప్పటినుంచీ ఆమె ఫోనుకు పరామర్శలు ఊపిరి తిరగనివ్వలేదు, నిజం చెప్పడానికి ఎవరికీ లైను దొరకలేదు. టాక్సీ ఆగినచోట, అడుగు దూరంలో, మొగుడి కారు అద్దంలోంచి తల్లి నవ్వుతూ చెయ్యి ఊపింది.

అచియా దిగి, తల్లిని పట్టుకుని కాసేపు ఏడ్చి, తర్వాత మొగుడివైపు తిరిగి చాలాసేపు మాట్లాడింది. ఆ మాటల సారాంశం సువామె. వెనక ఆగిపోయిన బళ్లన్నీ హారన్లు కొట్టినా ఆమె ముగింపు చెప్పేదాకా కదల్లేదు.

సాయంత్రం ఇంటిముందు దంచిన దుంపల ఫుఫూ ముద్దలు, చేపల పులుసు వడ్డించారు. పరామర్శకు వచ్చిన జనం తృప్తిగా తిన్నారు. ఎనో తివా అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, తన పళ్లెంలోని పెద్దముక్క అతని పళ్లెంలో వేసింది. పెళ్లయినప్పటినుంచీ అతను ఎదురుచూసిన ముక్క అది. కళ్లు మళ్లీ చెమర్చాయి, ఈసారి అమ్మోనియా లేకుండానే.

"అంపోఫో," అంది ఆవిడ ప్రేమగా. "కడుపున పుట్టిన కొడుకులు ముగ్గురున్నారు. కబురు విని ఒక్కడైనా ఇంకా గుమ్మం తొక్కాడా? నాకోసం కళ్లు పోగొట్టుకున్నవాడివి నువ్వొక్కడివే. మూడు రోజులకని వచ్చాను గానీ, ఇక నేను బెక్వాయి వెళ్లను. నీ దగ్గరే ఉంటాను. అచియా, రేపు నా మంచం తెప్పించు. అబద్ధపు చావు కబురు పుట్టిన మనిషికి ఆయుష్షు రెట్టింపవుతుందంటారు. మా మేనత్తకూ ఇలాగే కబురు పుట్టింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు రాయిలా బతికింది."

అచియా ఆనందంతో తల్లిని వాటేసుకుంది. అఫ్రియే చప్పట్లు కొట్టింది. ఇంతటి దీవెన ఎంతమందికి దొరుకుతుందని మహిళా సంఘం అంతా అంపోఫోను మెచ్చుకుంది. అంపోఫో నోట్లో ముక్క నమిలి మింగాడు, నీళ్లు తాగాడు, అందరికీ నవ్వుమొహం చూపించాడు.

తర్వాత చెయ్యి కడుక్కునే నెపంతో లేచి వెళ్లి, కొడువాను గోడవారకు పిలిచి, ఆ గొర్రెను రేపు పొద్దున తెచ్చినా ఆచారం చెల్లుతుందా అని అడిగాడు.